బ్రహ్మదినంలో బొగ్గు

వెలుగునిచ్చే ఆ ప్రత్యక్ష దైవాన్ని ముందుగా తలచుకుని మొదలుపెట్టవలసిన కథ ఇది. ఎందుకంటే ఇందులో అందరికంటె ఎక్కువ అన్యాయం ఆయనకే జరిగింది.

ఆ దేశం పేరుతో మనకు పనిలేదు. దాని ఏలికలు ఒకనాడు నిండు సభలో ప్రతిజ్ఞ చేశారు. రాబోయే ఉగాది మొదలు దేశంలో వెలిగే ప్రతి దీపమూ, తిరిగే ప్రతి పంకా ఎండవల్లనో, గాలివల్లనో, నీటివల్లనో మాత్రమే వెలగాలి, తిరగాలి. మంచి ప్రతిజ్ఞే, తప్పుపట్టడానికి అందులో ఏమీ లేదు. బీడుభూముల్లో సౌరఫలకాలు పరిచారు, కొండలమీద గాలిమరలు నిలబెట్టారు, నిలబెట్టిన ప్రతిదానికీ కొబ్బరికాయ కొట్టారు. ఇంతా అయ్యాక, ఉగాది గుమ్మంలోకి వచ్చిన వేళ, సాయంత్రమయ్యేసరికి సూర్యుడు అస్తమిస్తున్నాడన్న సంగతి ఇంధన శాఖ దృష్టికి వచ్చింది.

పగటి కరెంటును రాత్రికి దాచిపెట్టే బ్యాటరీల కోసం ఒక సంఘాన్ని వేసి చాలాకాలమైంది. ఆ బ్యాటరీలకు గంభీరమైన పేరేదైనా పెట్టాలన్న చర్చ దగ్గర అది ఆగి ఉంది. ఫలకాలున్న బీడునుంచి పట్నానికి కరెంటు తేవలసిన తీగలు దారిలో ఒక పెద్దమనిషి మామిడితోట దాకా వచ్చి, ఆయన అనుమతి కోసం స్తంభాలమీద వేలాడుతున్నాయి. కనుక చీకటిపడితే దేశాన్ని వెలిగిస్తున్నది మునుపటిలాగే చింతలమెరకలోని బొగ్గు విద్యుత్కేంద్రం. ఉగాదినాడు ఈ కేంద్రాన్ని శాశ్వతంగా మూసివేస్తామని దాని గేటుముందు నిలువెత్తు బోర్డు రాయించి ఉంది.

ఆ బోర్డును రోజూ చదువుకునేవారు మేడూరి విశ్వపతిశాస్త్రిగారు. బడిలో సంస్కృతం చెప్పి విరమించాక పౌరోహిత్యంతో కాలక్షేపం చేస్తున్నారు. విద్యుత్కేంద్రం ప్రహరీగోడకూ ఆయన పెరటిగోడకూ మధ్య ఒక బండి పట్టేంత సందు. పొగగొట్టంలోంచి రాలే బూడిద ముందు వారి డాబా మీద, తరువాత తులసికోట మీద, చివరకు ఆయన భార్య సుభద్రమ్మగారి ఊపిరితిత్తులలో స్థిరపడుతూ వచ్చింది. ఆవిడకు ఉబ్బసం. ఈ గాలి మారకపోతే మందులు చేసేదేమీ లేదని వైద్యుడు నిక్కచ్చిగా చెప్పాడు. ఇల్లు అమ్మి మరో ఊరు పోదామంటే, ఆ బూడిదనైనా ఇటుకల బట్టీవాళ్ళు కొంటారు గాని, బూడిదలో ఉన్న ఇంటిని కొనేవాళ్ళు దొరకలేదు. ఇక మిగిలిన ఆశ ఆ బోర్డు.

నిజానికి ఆ దేశంలో నూటికి నూరుపాళ్ళూ ఎండతోనే నడిచే పరిశ్రమ ఏదైనా ఉన్నదంటే అది సుభద్రమ్మగారి వడియాలు. గుమ్మడి వడియాలు, మినప వడియాలు, మెంతిమిరపకాయలు, ఏవీ పొయ్యి ముఖం చూడకుండా డాబా మీద ఎండేవి. సాయంత్రం అవి దించి, పైటచెంగుతో బూడిద దులుపుతూ ఆవిడ దగ్గేవారు. ఉగాది వెళ్ళాక తెల్లటి వడియం ఎలా ఉంటుందో చూడాలని ఉందనేవారు.

ఉగాదికి ముందు చిట్టచివరి సౌరక్షేత్రానికి ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. పౌరోహిత్యం శాస్త్రిగారిది. ఆయనకు ఈ కార్యక్రమం మీద నిజమైన గౌరవం ఉంది. మూడు సంధ్యలా ఆ సూర్యుడికి అర్ఘ్యం విడిచేవాడికి, ఆయన పేర దీపం వెలుగుతుందంటే సంతోషం కాదూ? పీటమీద ఇంధన శాఖ కార్యదర్శి ప్రభంజనరావుగారు పట్టుపంచె కట్టుకుని, ముఖంలో పెద్ద దిగులుతో కూర్చున్నారు. శాస్త్రిగారు కంఠమెత్తి సంకల్పం చెప్పారు. ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే అంటూ.

పూజ ముగిశాక కార్యదర్శి ఆయనను పక్కకు పిలిచారు.

"తమరు మొదట చదివినది ఏమిటండీ శాస్త్రిగారూ? తేదీయా?"

ఇన్నేళ్ళుగా శాస్త్రిగారు సంకల్పం చెబుతున్నారు. దాని అర్థం ఏమిటని అడిగిన మొదటి మనిషి ఈయన. శాస్త్రిగారి ఛాతీ ఉత్తరీయం కింద కొద్దిగా విశాలమైంది. తేదీయేనన్నారు. కాకపోతే మన తేదీ బ్రహ్మదేవుడి వయసు దగ్గర మొదలవుతుందన్నారు. ఆయనకు ఒక పగలంటే మనకు నాలుగువందల ముప్పైరెండు కోట్ల సంవత్సరాలనీ, దాన్నే కల్పమంటారనీ, ఇప్పుడు మనం అందులో సగం పొద్దు దగ్గర ఉన్నామనీ వివరించారు. వింటున్నకొద్దీ ప్రభంజనరావుగారి కళ్ళలో, గడువు పొడిగింపు దొరికినవాడి వెలుగు కనిపించింది.

"ఆ ఒక్క పగటిలో, పెరిగిన అడవి మళ్ళీ బొగ్గు కావడానికి వ్యవధి ఉంటుందంటారా?"

"వ్యవధా? ఎన్నిమార్లయినా అవుతుంది. అడవి పెరుగుతుంది, నేలలో కూరుకుపోతుంది, బొగ్గవుతుంది. అప్పటికీ ఇంకా పొద్దు మిగులుతుంది."

చివరి మాట శాస్త్రిగారికే ఎంతో బాగున్నట్టు తోచి ఇంకోసారి అన్నారు. కార్యదర్శి దాన్ని అరచేతిలో రాసుకున్నారు.

వారం తిరగకుండా ఉత్తర్వు వెలువడింది. "బొగ్గు అనునది పూర్వపు వృక్షమే గనుకను, వృక్షము మరల మొలచునది గనుకను, మొలచిన వృక్షము బ్రహ్మదినము ముగియక మునుపే మరల బొగ్గగునని పండితాభిప్రాయము లభించినందునను, ఇకమీదట బొగ్గును పునరుత్పాదక ఇంధనముగా పరిగణించవలసినదని ఆదేశించడమైనది." ఆ ఒక్క సంతకంతో, ఒక్క తీగ లాగకుండా, ఒక్క బ్యాటరీ కొనకుండా, ప్రతిజ్ఞ చేసిన గడువుకంటె ముందే దేశం సంపూర్ణంగా శుద్ధమైపోయింది. మంత్రివర్యులు కంటతడి పెట్టుకున్నారు. చింతలమెరక పొగగొట్టానికి ఆకుపచ్చ రంగు వేయించారు. బోర్డు మీద "మూసివేస్తాము" అన్నచోట "విస్తరిస్తాము" అని దిద్దారు. బ్యాటరీల సంఘాన్ని సన్మానించి రద్దుచేశారు. మామిడితోట పెద్దమనిషి ఊపిరి పీల్చుకున్నారు.

శాస్త్రిగారికి శాలువా కప్పి, కాలసలహాదారు అని బిరుదిచ్చి, సచివాలయంలో ఒక గది చూపించారు. ఆయన ఆ శాలువాతోనే ఇంటికి వచ్చి, ప్రభుత్వం తొలిసారి శాస్త్రం అడిగి నడుచుకుందని భార్యకు వైభవంగా చెప్పారు. సుభద్రమ్మగారు చేటలో మినప్పప్పు ఏరుతూ అంతా విన్నారు.

"బావుంది. అయితే ఆ గొట్టం ఎప్పుడు మూస్తారుటండీ?"

ఆ సంగతి శాస్త్రిగారికి అప్పుడే తట్టింది.

"మూయరు," అన్నారు. "మూయడానికి ఇక కారణం లేదుట."

"మొన్నటిదాకా ఉంది కదా ఆ కారణం. ఎవరు తీసేశారుట?"

ఆయన శాలువా విప్పి మడత పెట్టారు. మడత సరిగా రాలేదని మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టారు. ఆవిడకు దగ్గుతో పని ఉండడంవల్ల మాటకు తీరిక లేకపోయింది.

మరునాడు శాస్త్రిగారు సచివాలయానికి వెళ్ళి, తన మాట అపార్థమైందని చెప్పబోయారు. ప్రభంజనరావుగారు లేచి నిలబడి నమస్కరించి, తమ అభిప్రాయం సూత్రప్రాయంగా స్వీకరించామనీ, తగు సమయంలో తగు చర్య ఉంటుందనీ అన్నారు. ఏ సమయమని అడిగితే, వినయంగా గోడకేసి చూపించారు. అక్కడ గడియారం తీసేసి బ్రహ్మదేవుడి పటం కట్టారు.

ఆ పటం త్వరలోనే అన్ని కార్యాలయాలకూ చేరింది. ఇంధన శాఖకు దక్కిన సుఖం తక్కిన శాఖలు మాత్రం ఎందుకు వదులుకుంటాయి? వంతెన కూలిందని అర్జీ పెడితే, ఈ మన్వంతరంలోనే పూర్తవుతుందని జవాబు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని పోతే, బ్రహ్మగారి లెక్కన అది కాలి ఇంకా రెప్పపాటు కూడా కాలేదని తేలింది. ఆలస్యమన్న మాటే దేశంలో వినబడకుండా పోయింది. ఒక పల్లె రైతు మాత్రం కరెంటు బిల్లు కూడా బ్రహ్మకాలంలోనే కడతానని రాసుకొచ్చాడు. ఇవ్వవలసినవి బ్రహ్మమానంలోనూ, పుచ్చుకోవలసినవి మనుష్యమానంలోనూ లెక్కించడమే విధానమని శాఖవారు అతనికి తెలియజేసి, తీగ కోసేశారు.

ఇంతవరకూ జరిగింది అవివేకమే గాని అపచారం కాదు. అపచారం ఒక సోమవారం నాడు చీఫ్ ఇంజనీరు రత్నాకరంగారి రూపంలో శాస్త్రిగారి గదిలోకి వచ్చింది. రత్నాకరంగారు నిష్ఠాపరుడైన ఉద్యోగి. ఏ కొలబద్ద చేతికిచ్చినా దానితో కనబడ్డదాన్నల్లా కొలిచేదాకా నిద్రపోరు. బొగ్గును బ్రహ్మమానంతో కొలిచాం గనుక, న్యాయంగా సూర్యుణ్ణి కూడా అదే మానంతో కొలవాలని ఆయన సందేహం. కల్పాంతంలో సూర్యుడు ఉంటాడా అని అడిగారు.

శాస్త్రిగారు అబద్ధం ఆడలేరు. ఉండడన్నారు. వెంటనే గాభరాపడి, వచ్చే కల్పంలో మళ్ళీ సృష్టి అవుతాడని కలిపారు.

"వచ్చే కల్పం మన శాఖ పరిధిలోకి రాదండీ," అన్నారు రత్నాకరంగారు విచారంగా. "ఈ కల్పం లోపల ఖర్చయిన బొగ్గు తిరిగొస్తుంది. ఖర్చయిన సూర్యుడు రాడు. మరి వీరిద్దరిలో తరిగిపోయే వనరు ఎవరంటారు?"

ఆ తర్కంలో దోషం ఎక్కడుందో శాస్త్రిగారు మూడు గుక్కల నీళ్ళు తాగి వెతికారు. దొరికింది. అది తన నోటినుంచే బయలుదేరింది.

అలా సూర్యరశ్మిని తరిగిపోవు ఇంధనాల జాబితాలో చేర్చారు. భావితరాల కోసం దాన్ని పొదుపుచేయాలన్నారు. సౌరక్షేత్రాలమీద టార్పాలిన్లు కప్పి, వాటిమీద బొగ్గు నిల్వలు పోశారు. అనుమతి లేకుండా ఎండ వాడటం నేరమైంది. ఇన్‌స్పెక్టర్లు ఊళ్ళమీద పడి బట్టల తీగలూ, మిరప కళ్ళాలూ, చలికాగుతున్న ముసలివాళ్ళనూ తనిఖీ చేశారు. శాస్త్రిగారు మాత్రం పొద్దున్న అర్ఘ్యం విడిచేటప్పుడు సూర్యుడి ముఖం చూడలేక నేలచూపులు చూసేవారు.

ఒక ఇన్‌స్పెక్టరు సుభద్రమ్మగారి డాబా ఎక్కాడు. ఆవిడ వడియాలమీద పల్చటి బట్ట కప్పుతున్నారు.

"పిన్నిగారూ, మీరు ఎండ వాడుతున్నారు," అన్నాడతను.

"నేను వాడటమేమిటి నాయనా. అదే వచ్చి పడుతోంది."

"పడినదాన్ని ఉపయోగంలో పెట్టారు కదండీ. ఇవి ఎలక్ట్రిక్ పొయ్యిమీద ఎండబెట్టుకుంటే శాఖకు అభ్యంతరం లేదు. అది పునరుత్పాదకం."

ఆవిడ పక్కనున్న పీటమీద కూలబడి, ఊపిరి కూడదీసుకుని, ఆకుపచ్చటి పొగగొట్టంకేసి చూశారు. "ఆ బూడిద కూడా నా డాబామీద వచ్చి పడుతోంది. దాన్ని కూడా నేనే వాడుతున్నానంటావా? అయితే దానికీ ఏదో ఒకటి రాసుకుపో, నీకు మళ్ళీ మెట్లెక్కే పని తప్పుతుంది." అతను మంచివాడు. సలహాదారుగారి ఇల్లని తెలిసి, హెచ్చరికతో సరిపెట్టి, పొడిగా ఉన్న వడియాలు నాలుగు రుచి చూసి దిగిపోయాడు.

ఆ నెలలోనే చింతలమెరకలో రెండో పొగగొట్టానికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. రెండోది కూడా లేస్తే ఆవిడ ఇక వానకాలం దాటరని వైద్యుడు శాస్త్రిగారిని వాకిట్లోకి పిలిచి చెప్పాడు. ఆయన ఆ రాత్రి పడుకోలేదు. పొద్దున స్నానం చేసి, బిరుదు శాలువా ఇంట్లోనే వదిలి, మామూలు ఉత్తరీయంతో సభకు వెళ్ళారు. సుభద్రమ్మగారు వద్దన్నా వినకుండా వెంట వచ్చి, మొదటి వరసలో విసనకర్రతో కూర్చున్నారు.

ప్రతి సభా సంకల్పంతో మొదలు కావాలని శాఖ నియమం. ప్రథమపాదే అన్నచోట ఆపాలని కూడా నియమం. ఆమోదిత పాఠం అంతవరకే. శాస్త్రిగారు లేచి మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకున్నారు. పరార్ధం చెప్పారు, కల్పం చెప్పారు, మన్వంతరం, యుగం, పాదం చెప్పారు. ప్రభంజనరావుగారు చప్పట్లకు చేతులెత్తారు. శాస్త్రిగారు ఆపలేదు. సంవత్సరం పేరు చెప్పారు, అయనం చెప్పారు, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెప్పారు. చింతలమెరక గ్రామే అన్నారు. తన గోత్రం చెప్పి, సుభద్రాంబా నామధేయాయాః అన్నారు. జనంలో చాలామందికి ఆ మాట ఒక్కటే అర్థమై, అందరూ ఆవిడవైపు తిరిగారు.

"సంకల్పం బ్రహ్మగారి దగ్గర మొదలయ్యేది అక్కడే కూర్చోడానికి కాదు," అన్నారాయన తెలుగులో. "అంత పెద్ద కాలంలోంచి ఒక్కొక్క మెట్టూ దిగి, ఇవాళ, ఈ ఊళ్ళో, ఫలానా మనిషినైన నేను, ఈ పని చేస్తానని ఒప్పుకోడానికి. పై మెట్టుమీద నిలబడి ఇల్లు చేరామంటున్నారు మీరు. ఆ మెట్టు చూపించినవాణ్ణి నేనే. శాలువా కప్పేసరికి నాకు కింది మెట్లు కనబడలేదు. గొట్టం మూస్తామని ఒక తిథి చెప్పారు. ఆ తిథి దాటిపోయింది. నా భార్యకు కల్పాలు లేవు. వచ్చే వానకాలం ఉందో లేదో తెలియదు."

వెనక వరసలో ఎవరో ఏడ్చారు. రత్నాకరంగారు తలవంచుకున్నారు. ఒక్క ప్రభంజనరావుగారు మాత్రం, కొత్త గడువు దొరికినవాడిలా నెమ్మదిగా లేచారు. శాస్త్రిగారి ఆవేదనను శాఖ నమోదు చేసుకున్నదన్నారు. మానవ నష్టమన్న అంశం ఇంతవరకు విధానపరంగా పరిశీలనకు రాకపోవడం లోపమేనని ఒప్పుకున్నారు. కాకపోతే చిన్న సందేహం ఉంది, తీర్చగలవారు శాస్త్రిగారు తప్ప మరొకరు లేరన్నారు.

"ఆత్మ నశిస్తుందా శాస్త్రిగారూ?"

శాస్త్రిగారికి ఆ ప్రశ్న వెనక ఉన్న గొయ్యి కనిపించింది. కనిపించినా, పుట్టిన దగ్గరనుంచీ నమ్మినదాన్ని సభలో కాదనలేకపోయారు. నశించదన్నారు.

"మళ్ళీ దేహం ధరిస్తుందా?"

"ధరిస్తుంది."

"బొగ్గుకంటె త్వరగానేనా?"

శాస్త్రిగారు భార్యకేసి చూశారు. ఆవిడ విసనకర్ర ఆపి, అబద్ధం ఆడతారేమోనని భయపడుతున్నట్టు ఆయన్నే చూస్తున్నారు.

"త్వరగానే," అన్నారు.

చప్పట్లతో పందిరి అదిరింది. ప్రజలు బొగ్గుకంటె మేలైన పునరుత్పాదక వనరని సభ ఏకగ్రీవంగా నమోదు చేసుకుంది. నష్టం ఏదీ లేనందున రెండో పొగగొట్టానికి ఆమోదం లభించింది. శాస్త్రిగారు అప్పటికప్పుడు రాసిచ్చిన రాజీనామాను కూడా అక్కడే స్వీకరించి, బ్రహ్మకాలంలో పరిష్కారానికి పంపారు.

వారంలో ఒక జీపు సందులోకి వచ్చింది. సంకల్పంలో పేరు చెప్పబడిన తొలి పౌరురాలు గనుక, సుభద్రమ్మగారికి దేశంలో మొట్టమొదటి ధ్రువపత్రం ఇచ్చారు. ఈమె సంపూర్ణ పునరుత్పాదక పౌరురాలు అని దానిమీద బంగారు అక్షరాలు. చిరగకుండా, తడవకుండా ప్లాస్టిక్ పూత వేయించి, మందపాటి అట్టకు అంటించారు. అధికారులు ఫోటో తీయించుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం శాస్త్రిగారు సంధ్యవార్చడానికి పెరట్లో కూర్చుని, చేతిలో నీళ్ళు పట్టుకుని సంకల్పం మొదలుపెట్టారు. ఆయన నోట పరార్ధం రాలేదు. ఆవేళ తిథి చెప్పుకుని, వారం చెప్పుకుని, ఊరి పేరు దగ్గర ఆగి, కింద కూడా మెట్లున్నాయని ఆలస్యంగా గుర్తొచ్చినవాడిలా, వంటింట్లోంచి వినిపిస్తున్న దగ్గును ఒక్కొక్కటిగా విన్నారు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోయాయి. పడమటి దిక్కున సూర్యుడు ఆకుపచ్చ గొట్టం పక్కనుంచి, అనుమతి లేకుండా, కాస్త వెలుగు ఆ గోడమీద వేశాడు.

ఆయన లోపలికి వచ్చేసరికి సుభద్రమ్మగారు ఆ ధ్రువపత్రాన్ని మజ్జిగ గిన్నెమీద మూతగా పెట్టి ఉన్నారు. అప్పటికే దానిమీద బూడిద పల్చగా పరుచుకుంది. ఆవిడ పైటచెంగుతో ఒక్కసారి తుడిచేసరికి అక్షరాలు మళ్ళీ తళతళలాడాయి.

"గట్టి అట్టేనండీ," అన్నారావిడ, ఊపిరి అందుకుంటూ. "మీక్కూడా ఒకటి ఇమ్మని అడగండి. పప్పు గిన్నెకు మూత లేదు."